బండికి చెప్పే మాటలు

అక్టోబర్ 14, శనివారం

పెత్రామాస. జమున పోయి మూడు నెలలు దాటింది. పెద్దలకు ఇచ్చే బియ్యం ఆమె పేరు మీద ఇచ్చాను. ఏడాది నిండకముందు ఇవ్వొచ్చో లేదో ఎవరినీ అడగలేదు. తీసుకున్న అయ్యగారు కూడా అడగలేదు.

సాయంత్రం నుంచి వీధిలో బతుకమ్మ పాటలు. మా గేటు ముందుకు వచ్చేసరికి ఆడవాళ్ళు గొంతు తగ్గించారు. తగ్గించకుంటేనే బాగుండేది.

అన్నం దగ్గర కూర్చున్నాను. వంటింటి తలుపు చాటు నుంచి మా అత్త గొంతు. "జమునా, అల్లునికి చెప్పు, అన్నం సల్లారుతుందని."

అలవాటు. అంతే. ఆ తర్వాత లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు. నేను చల్లారిన అన్నమే తిన్నాను.

అక్టోబర్ 17

నిన్న, ఇవాళ ఇంట్లో ఒక్క మాట లేదు.

పెళ్ళయిన నాటి నుంచి అత్త నా ఎదుటపడి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మర్యాద. మధ్యలో జమున ఉండేది. అత్త చెప్పేది ఒకటి, జమున నాకు చేరవేసేది ఇంకొకటి. "చారు పలచగైనట్టున్నది" అని తలుపు చాటు నుంచి వినిపిస్తే, "మీరు లావైన్రని మా అవ్వ అంటుంది" అని జమున. "నేనెప్పుడన్ననే!" అని లోపల అత్త నెత్తి కొట్టుకునేది. నాకు రెండూ వినిపించేవి. ఏమీ విననట్టు తినేవాణ్ణి.

జమునకు జబ్బు అని తెలిసిన వారం అత్త ఆసిఫాబాద్ నుంచి ఒక సంచితో దిగింది. ఇప్పుడు సేవ చేసే పని లేదు. అయినా పొద్దున్నే లేచి వాకిలి ఊడుస్తుంది, వండుతుంది, నా గది ముందు చాయ్ పెట్టి పోతుంది.

ఎప్పుడు పోతుందో నేను అడగను. ఎలా అడగాలో కూడా తెలియదు.

నవంబర్ 2

భానుప్రసాద్ ఫోన్ చేశాడు. మా మామ తమ్ముని కొడుకు, ఆసిఫాబాద్‌లో ఉంటాడు. పాత షెడ్డు కూలగొట్టి దుకాణాలకు అద్దెకిచ్చే మడిగెలు కడుతున్నాడట.

"బావా, షెడ్డుల పెదబాపు బండి ఉన్నది గద. ఇనుప సామానోడు చూసి పోయిండు. తీస్కపొమ్మందునా?"

"ఉండనీ."

"ఏడ ఉండనియ్యాలె బావా, నా నెత్తి మీదనా?"

పెదబాపు అంటే మా మామ రాయమల్లు, టేకు డిపో సాబ్ దగ్గర డ్రైవర్. సాబ్ బొంబాయి నుంచి తెప్పించుకున్న ఇంగ్లండ్ బండి అది. ఎమ్.జి.ఎ. ఎర్రది, పొట్టిది, నేలకు ఆనుకున్నట్టుంటుంది. డిపో మూసి ఊరు వదిలిపోయేటప్పుడు సాబ్ దాన్ని మామకు ఇచ్చిపోయాడు. మామ పోయాక ఎవరూ ముట్టలేదు.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో అత్త బకెట్టుతో అంటున్నది వినిపించింది. "కిలోల లెక్క అమ్ముతరట. ఆయన చెయ్యి పడ్డ బండి."

భానుప్రసాద్‌కు మళ్ళీ ఫోన్ చేసి, కరీంనగర్‌కు పంపించు, నేను బాగుచేయిస్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు. నాకు స్కూటర్ ప్లగ్గు మార్చడం రాదు. కాలేజీ లైబ్రరీలో పుస్తకాల వెనక నంబర్లు అంటించి రిటైరైన మనిషిని.

నవంబర్ 9

బండి డీసీఎం లారీలో వచ్చింది. దింపడానికి మా కోతిరాంపూర్ వాడ సగం వచ్చింది. సీట్లో ఎలుకల గూడు, ఇంజన్ మీద పాము కుబుసం. తలుపుకు బయట పిడి లేదు. ఎలా తీయాలో తెలియక అందరూ బండి చుట్టూ తిరిగారు. ఎదురింటాయన నన్ను పక్కకు పిలిచి, "ఎమ్.జి. అంటే కొత్త కరెంటు బండి అనుకున్న సార్" అన్నాడు. చాలా నిరాశపడ్డాడు.

కిటికీ లోపలి నుంచి అత్త, గోడకు చెప్పినట్టు: "లోపట చెయ్యి పెట్టి తాడు గుంజాలె."

గుంజితే తాడు తెగింది. తలుపు మాత్రం వచ్చింది.

జనం పోయాక అత్త బయటికి వచ్చింది. నేను వరండాలో కుర్చీలో ఉన్నాను. నెత్తి మీదికి కొంగు లాక్కుని, నాకు వీపు పెట్టి, బానెట్ మీద దుమ్ము తుడిచింది.

"వచ్చినవా? మంచిది. నిన్ను బాగుచేసేటోడు ఎవరనుకున్నవ్? లైబ్రరీ సారు. నీ నొసట ఏం రాసున్నదో."

కొంచెం ఆగింది. "కూర గిన్నె మీద మూత పెట్టిన. తినేటోళ్ళు తినొచ్చు."

ఇది నాకు. తిన్నాను.

నవంబర్ 20

భానుప్రసాద్ వచ్చాడు. బండి చూడడానికి అన్నాడు. చాయ్ తాగాక అసలు మాట ఎత్తాడు.

"బావా, ఏమనుకోకు. అక్క ఉన్నన్ని దినాలు వేరు. ఇప్పుడు పెద్దమ్మ అల్లుని ఇంట్ల ఏమని ఉంటది చెప్పు? మనుమడున్నడా, మనుమరాలున్నదా? మరిది కొడుకు ఉండంగ ముసల్దాన్ని అల్లుని మీద పడేసిండని నన్ను అంటుండ్రు. మడిగెల మీద ఒక రూం ఏస్తున్న. అటాచ్డ్ బాత్రూం. ఏడాది మాసికం కాంగనే తోల్కపోత."

 అతను చెప్పింది తప్పు కాదు. మాకు పిల్లలు లేరు. అల్లుడు అనే మాటకు ఒక కూతురు ఉండాలి.

తలుపు చాటు నుంచి అత్త జవాబు చెప్పింది. "వస్త బిడ్డా. నీ ఇంటికి రాక యాడికి పోత? గని బస్సుల రాను. నీ కార్ల రాను."

"మరి విమానం తేవాల్నా?"

"మీ పెదబాపు గా బండిని రోజు తుడిసిండు, తోలిండు. నన్ను ఒక్కనాడు ఎక్కించుకోలే. సాబ్ బండ్ల నౌకరోని పెండ్లాం ఎక్కద్దన్నడు. సాబ్ పోయి బండి మనదైనంక గుడ ఎక్కద్దన్నడు. గిది నడువనీ. గీండ్లనే వస్త. ఆసిఫాబాద్ అంత చూడాలె."

భానుప్రసాద్ కిటికీలోంచి బండి వైపు చూశాడు. నాలుగు టైర్లూ పళ్ళెంలో రొట్టెల్లా పరుచుకుని ఉన్నాయి.

"అయితే వచ్చే జన్మల వస్తవు పెద్దమ్మా."

"బావ చేస్తుండు గద."

"బావనా?" అని నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

రాసి పెట్టుకుంటున్నాను. బండి నడిచిన రోజు ఆమె పోతుంది.

నవంబర్ 28

బస్టాండ్ వెనక జహీర్ వర్క్‌షాపు ఉంది. ఒకప్పుడు అంబాసిడర్ టాక్సీలన్నీ అతని దగ్గరికే వచ్చేవి. ఇప్పుడు ఆటోలు. బలవంతంగా ఇంటికి పిలుచుకొచ్చాను. నడుం మీద చేతులు పెట్టుకుని బండి చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తాడు. చాలాసేపు వంగి చూశాడు. లేచేసరికి ముఖం వెలిగిపోతోంది.

"యా అల్లా! సార్, గిది అంబాసిడర్!"

"ఇంగ్లండ్ బండి జహీర్."

"పైకి దొరసాని సార్. లోపట మన అంబాసిడరే. గదే ఇంజన్. నేను కండ్లు మూసుకొని ఇప్పుత."

కళ్ళు తెరిచే విప్పాడు. అయినా మొదటి బోల్టు దగ్గరే ఆగాడు. పన్నెండు పానా ఎక్కదు, పదమూడు పానా జారుతుంది. అన్నీ అంగుళాల లెక్క. పాత పానాలు ఎప్పుడో పాత సామాన్లలో అమ్మేశాడట. "అంబాసిడర్లు పోయినయ్, పానాలు నేనేం చేసుకోవాలె అనుకున్న. ఫికర్ చెయ్యకు సార్. హైదరాబాద్‌ల దొరుకుతయ్. జర టైం పడ్తది."

పడనీ అన్నాను.

డిసెంబర్ 6

ఇంజన్ జామ్. ప్లగ్గుల రంధ్రాల్లో డీజిల్ పోసి వదిలేశాం. నానాలట.

అత్త బండితో: "మినుములు గుడ ఇన్ని దినాలు నానయ్."

డిసెంబర్ 15

నానుతోంది.

డిసెంబర్ 30

జమున కంటి అద్దాలు ఇంకా టీవీ మీదే ఉన్నాయి. తుడిచి అక్కడే పెట్టాను.

జనవరి 11

ఇంజన్ తిరిగింది. చేత్తోనే, ఒక చుట్టు. జహీర్ నన్ను వాటేసుకున్నాడు. బట్టలన్నీ నూనె.

పొద్దున పనికి దిగుతాను, మధ్యాహ్నానికి నడుం పడిపోతుంది. నాకు అప్పజెప్పేవి కడిగే పనులు. ఒక బోల్టు, ఒక గిన్నెలో పెట్రోలు, ఒక బ్రష్షు. ఏ బోల్టు ఎక్కడిదో అట్టముక్క మీద రాసి దారం కడతాను. అది ఒక్కటే నాకు వచ్చిన విద్య.

అత్త ఇప్పుడు అన్నీ బండితోనే చెప్తోంది. గ్యాసు అయిపోయిందని, నల్లా రాలేదని, ఎదురింటి వినోద కూతురు పాసైందని. నేను బండి కింద పడుకుని వింటాను. మొన్న గ్యాసు మాటకు అలవాటులో "సరే" అనేశాను. తల బయటికి పెట్టి చూస్తే ఆమె అప్పటికే లోపలికి పోయింది. సాయంత్రం సిలిండర్ తెచ్చాను.

జనవరి 24

ఇవాళ రెండు బ్యాటరీలు పెట్టాం. సీట్ల వెనక చిన్నవి రెండు. తీగ తగిలించగానే స్టీరింగ్ కింద నుంచి పొగ. జహీర్ తీగ లాగేశాడు. అత్త బిందెతో పరుగెత్తుకొచ్చింది. నీళ్ళు బండి మీద పొయ్యాలా, మా మీద పొయ్యాలా తేల్చుకోలేక నిలబడిపోయింది.

సాయంత్రం వీడియోలో ఎవరో ఇంగ్లండ్ ముసలాయన చెప్తున్నాడు. ఈ బండికి ప్లస్ తీగ బాడీకి కట్టాలట. జహీర్‌కు ఫోన్ చేశాను.

"ప్లస్ బాడీకా? మైనస్ గద సార్ బాడీకి! పుట్టినకాన్నుంచి మైనసే కడుతున్న."

"దీనికి ప్లస్."

"ఏం ఉల్టా బండి సార్ గిది." కాసేపు ఆగి, "ఎలకలు కొరికిన వైరు గుడ ఉండె సార్. మొత్తం నా తప్పు కాదు" అన్నాడు.

వైర్లన్నీ మళ్ళీ వేయాలి. నాకు బాధ కలగలేదు. పాత బండ్లతో తొందర పనికిరాదు.

ఫిబ్రవరి 18

వైర్లు.

మార్చి 3

వైర్లు అయిపోయాయి. అనుకున్నదానికన్నా ముందే.

మార్చి 9

తాళం తిప్పితే వెనక నుంచి టిక్కు టిక్కు టిక్కు. పెట్రోలు పంపు. కార్బొరేటర్లు నిండాక ఆగిపోయింది. జహీర్ సెల్ఫ్ కొట్టాడు. రెండుసార్లు దగ్గింది. మూడోసారి ఎత్తుకుంది. వాకిలంతా నల్లటి పొగ. చాలా పెద్ద శబ్దం. పది క్షణాలు ఉందేమో, ఆగింది.

"అయిపోయింది సార్! ఇగ బ్రేకులు, టైర్లు. రంజాన్ పండుగ లోపట రోడ్డు మీద పెడ్త."

అత్త గడపలో నిలబడి ఉంది, చేతికి పిండి. అలాగే లోపలికి పోయింది.

జహీర్ పోయాక డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూశాను. లోపల తిరిగే చిన్న ముక్క, రోటర్, కొంచెం అరిగినట్టు అనిపించింది. తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. అది లేకుంటే ఇంజన్ ఎత్తుకోదు. కానీ అరిగిన దానితో నడపడం మంచిది కాదు.

మార్చి 14

రంజాన్ నెల మొదలైంది. జహీర్ సగం పూటే వస్తున్నాడు. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దించాడు. చివరికి మూత తీశాడు.

"సార్, రోటర్ ఏది?"

"అరిగిందని తీశాను. ఎక్కడో పెట్టాను. గుర్తు లేదు."

"అంబాసిడర్‌ది తెస్త. సరిగ్గ కూసుంటది."

"వద్దు. అసలుదే కావాలి. ఇంగ్లండ్ నుంచి తెప్పిస్తాను."

అట్టముక్కలు కట్టిన బోల్టుల వరుస వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సరే సార్. మీ ఇష్టం."

ఆర్డర్ రేపు పెడతాను.

మార్చి 27

ఆర్డర్ పెట్టలేదు. రోటర్ కోసం చొక్కా జేబులో చూసుకున్నాను. లేదు. ఆ చొక్కా ఉతికి, ఆరి, మడతపెట్టి ఉంది.

పడిపోయి ఉంటుంది.

ఏప్రిల్ 2

భానుప్రసాద్ ఫోన్. స్లాబ్ పడిందట. "పెద్దమ్మ రూంకు ఏం రంగు ఏయాలె అడుగు బావా."

ఎలా అడగను? వరండాలోంచి కొంచెం గట్టిగా, "రూముకు ఏం రంగు వేయాలని భానుప్రసాద్ అడుగుతున్నాడు" అన్నాను, ఫోన్‌లోనే మాట్లాడుతున్నట్టు.

తర్వాత అత్త బండికి చెప్పింది. "ఏదన్న ఏయుమను. రాత్రి లైటు తీసినంక అన్ని ఒక్కటే."

ఏప్రిల్ 12

పండుగ అయిపోయింది. జహీర్ ఇంటి నుంచి షీర్ ఖుర్మా వచ్చింది. అత్త గిన్నె కడిగి, ఖాళీగా పంపకూడదని బెల్లం పెట్టి ఇచ్చింది. "నువ్వు నా కొడుకసొంటోనివి" అని జహీర్‌తో అంది. అతనితో ఎదురుగానే మాట్లాడుతుంది, నవ్వుతుంది. చూస్తే నాకు ఏదో అయింది. ఈర్ష్య అనను.

మే 8

ఎండ. పని లేదు. రోటర్ రాలేదని జహీర్‌కు చెప్పాను. ఓడలో వస్తుందేమో అన్నాడు. నవ్వకుండానే.

మే 19

అత్తకు జ్వరం. రెండు రోజులుగా గది దాటలేదు. నేనే వండాను. చారు పెడదామని పోపుల డబ్బా తీశాను. జీలకర్ర గిన్నె ఎత్తితే కింద రోటర్ ఉంది. గోధుమరంగు ముక్క, పైన ఇత్తడి పట్టీ. జీలకర్ర పొట్టు అంటుకుని ఉంది.

గిన్నె మళ్ళీ పెట్టాను. మూత పెట్టాను. చారులో జీలకర్ర వేయలేదు.

పళ్ళెం ఆమె గది గడప దగ్గర పెట్టి వచ్చాను. కాసేపటికి లోపలి నుంచి: "చారుల జీలకర్ర లేదని ఎవలకు చెప్పాలె?"

బండి వాకిట్లో ఉంది. ఆ గదిలోంచి దానికి వినిపించదు.

జూన్ 3

పాత బండ్లతో తొందర పనికిరాదు.

జూన్ 22

జహీర్ పొద్దున్నే వచ్చాడు. గేటు దగ్గర నుంచే అరుపు.

"సార్, ఖుష్ ఖబర్! చెన్నూరుల ఒక పాత అంబాసిడర్‌ను విప్పుతుండ్రంటె పోయిన. మీ ఇంగ్లండోడు పంపేదాక నేను బతుకుత్తనో లేదో."

అరచేతిలో రోటర్. నేను వద్దనేలోపు మూత తీసి పెట్టేశాడు. సెల్ఫ్ కొట్టాడు.

మొదటిసారికే ఎత్తుకుంది. ఈసారి ఆగలేదు. బానెట్ మీద గ్లాసులో నీళ్ళు వణికాయి. జహీర్ కళ్ళలో నీళ్ళు. తనకు ముసలితనం వచ్చేసిందనుకున్నాడట, ఈ చప్పుడు విన్నాక ఇంకా రాలేదనిపిస్తోందట. నేను అతని భుజం తట్టాను. మనస్ఫూర్తిగానే తట్టాను. అతని తప్పేముంది?

అత్త వచ్చి బండికి కొంచెం దూరంలో నిలబడింది.

"నడిచినవా? నడువు మరి."

మధ్యాహ్నం వంటింట్లో పోపు మాడిన వాసన.

జూన్ 30

కొత్త టైర్లు పడ్డాయి. బ్రేకులు సగమే పడుతున్నా డ్యాం కట్ట దాకా పోయి వచ్చాం, నేను తోలాను, జహీర్ పక్కన. గాలి ముఖానికి కొట్టింది. పిల్లలు పరుగెత్తారు. ఒకతను బైకు ఆపి ఫోటో తీసుకున్నాడు. బాగుంది అనాలి. చాలా అలసటగా ఉంది. తిరిగి వస్తుంటే, ఇంటికి పోయి జమునకు చెప్పాలి అనుకున్నాను. మలుపు తిరిగేదాకా అలాగే అనుకున్నాను.

జూలై 12

ఏడాది మాసికం అయింది.

ఆగస్టు 4

బ్రేకులు కూడా అయిపోయాయి. జహీర్ నాలుగు చక్రాలూ చూశాడు. "గిప్పుడు కన్యాకుమారి పోవచ్చు సార్." భానుప్రసాద్ ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం. శ్రావణం, మంచి రోజు.

ఆగస్టు 9

అత్త సంచి సర్దింది. వచ్చినప్పటి సంచే. జమున చీరలు రెండు మంచం మీద పెట్టి, బండి వైపు కిటికీ తెరిచి, "తీస్కపోవచ్చునా అని అడుగు" అంది.

నేను వరండాలోంచి "అన్నీ తీసుకుపొమ్మను" అన్నాను.  విన్నదో లేదో. రెండే తీసుకుంది.

ఆగస్టు 11, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

భానుప్రసాద్ తన కారులో పొద్దున్నే వచ్చాడు. జహీర్ అంతకుముందే వచ్చి బండిని అద్దంలా తుడిచాడు. ఎవరో బంతిపూల దండ వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వీధి వీధంతా గేటు దగ్గరే ఉంది. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ఇంజన్ నడుస్తోంది. అత్త సంచితో మెట్లు దిగింది. ఉతికిన తెల్లచీర, నెత్తి మీద కొంగు. బండి దాకా వచ్చింది. ఖాళీ సీటు వైపు చూసింది. అక్కడే ఆగింది.

"ఎక్కు పెద్దమ్మా, ఎండైతది" అన్నాడు భానుప్రసాద్.

"యాడ ఎక్కాలె?"

"గా సీట్ల."

"అల్లుని పక్కపొంటి? సమానంగ?" ఆమె గొంతు నిజంగానే బెదిరినట్టుంది. "ఎనక సీటు లేదాయె. నలుగురు చూడంగ అల్లుని పక్కన ఎట్ల కూసుంట బిడ్డా? పరువు ఉండాల్నా లేదా?"

 తొమ్మిది నెలలుగా ఇంతమంది ఈ బండిని చూశాం. సీట్లు రెండే అని అందరికీ తెలుసు. ఒక్కరికీ ఈ ఆలోచన రాలేదు. అందరిలో ఆమెకు రాకుండా ఉంటుందా? తెలియదు. ఆమె ముఖం కొంగులో ఉంది.

"అయితే నా కార్ల కూసో. ఏసీ ఉన్నది."

"మాట అంటె మాట. గీండ్లనే పోత అన్న."

"సరె, నేనే తోల్త. బావా, జర దిగు."

దిగాను. భానుప్రసాద్ ఒక కాలు లోపల పెట్టాడు, రెండోది పెట్టాడు, కిందికి జారాడు. స్టీరింగ్ పొట్టలో దిగబడింది. ముందుకూ రాడు, వెనక్కూ పోడు.

"సీటు ఎనకకు పోదా?"

"మొత్తం పోయింది సార్," అన్నాడు జహీర్. "మీరే ముంగటికి ఉన్నరు."

గేటు దగ్గర ఒకటే నవ్వు. ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని పైకి లాగాం. అప్పుడు జహీర్, పాపం, మంచి మనసుతోనే అన్నాడు. "ఏం పరేషాన్ వద్దు అవ్వా. నేను తోల్త. నేను నీ కొడుకసొంటోన్ని అంటివి గద. కొడుకు పక్కన కూసుంటె ఏమైతది?"

 ఆమె సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. మళ్ళీ మార్చుకుంది. బండి వైపు చూసింది. ఒక కాలు ముందుకు వేసింది.

నేను లోపలికి వంగి తాళం తిప్పేశాను. ఇంజన్ ఆగింది. అంత నిశ్శబ్దం అవుతుందని అనుకోలేదు. బానెట్ మీద చెయ్యి పెట్టాను, వేడిగా ఉంది. దానితోనే చెప్పాను.

"నీ బ్రేకులు ఇంకా కాలేదు. నువ్వు ఎక్కడికీ పోయేది లేదు."

"బ్రేకులా? సార్, మొన్ననే గద నాలుగు…" అని జహీర్ నా ముఖం చూశాడు. ఆమె వైపు చూశాడు. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. "ఔ. బ్రేకులు. మర్చేపోయిన. బ్రేకులంటె చాన పెద్ద పని."

"ఎన్ని దినాలు పడ్తది?" భానుప్రసాద్ చొక్కా సర్దుకుంటూ అడిగాడు.

"పాత బండి సాబ్. ఇంగ్లండ్‌ది. ఎవలు చెప్పగలరు?"

భానుప్రసాద్ నా వైపు చూశాడు. తెలివితక్కువవాడు కాదు. ఏదో అనబోయి, "నలుగురు ఏమంటరు బావా?" అన్నాడు మెల్లగా.

"నా ఇంటికి వచ్చి నాతో అనమను."

ఇంత కోపం నాలో ఉందని నాకు తెలియదు.  అతను చాయ్ తాగి పోయాడు. రూం ఉంటుంది, ఎప్పుడొచ్చినా వేరేవాళ్ళకు ఇయ్యనన్నాడు. మంచివాడు.

అందరూ పోయాక అత్త బండి దగ్గరికి వచ్చింది. సంచి ఇంకా చేతిలోనే ఉంది. నేను అటువైపు నిలబడి ఉన్నాను. బంతిపూల దండ తీస్తూ బండిని అడిగింది.

"బ్రేకులు అయినంక?"

"క్లచ్ చూడాలి," అన్నాను బండితో.

"క్లచ్ అయినంక?"

"రంగు. మొత్తం గీకి వేయాలి."

"రంగు అయినంక?"

నాకు ఇంకేమీ తోచలేదు. నాకు బండ్ల గురించి తెలిసింది చాలా తక్కువ. ఆమె ఎదురుచూస్తోంది. దండ తీయడం అయిపోయింది, చేతుల్లో పట్టుకుని నిలబడింది. పైకి చూశాను.

"అత్తమ్మా," అన్నాను. "లోపలికి పోదాం. వాన వచ్చేటట్టుంది."

ఆమె తలెత్తి చూసింది. ఆకాశం వైపు కాదు. తర్వాత సంచి తీసుకుని మెట్లెక్కింది. నేను వెనకాలే పోయాను.

వాన పడలేదు.